ఏడు నిమిషాల్లో ధర్మసాగర్

ట్రెయినింగ్ పొందింది నేనేనని నా సర్టిఫికెట్‌లో రాసి ఉంది గానీ, ఆ రాసినవాళ్లకు అసలు సంగతి తెలియదు. నిజంగా ట్రెయినింగ్ అయింది ప్రాక్టీసింగ్ స్కూలు మూడో తరగతి పిల్లలు. మాకు రెండేళ్లు పట్టిన చదువు వాళ్లకు ఆరు నెలల్లో వంటబట్టింది.

హనుమకొండలో మా ట్రెయినింగ్ స్కూలుకూ ఆ చిన్న బడికీ మధ్య ఒక్క పొట్టి గోడ అడ్డం. కాబోయే టీచరమ్మలకు చేయి తిరగాలంటే పిల్లలు కావాలి కదా, అందుకని ఆ బడి పిల్లల్ని మాకు అప్పగించారు. పొద్దున తకిలీ పట్టుకుని నూలు వడకడం, పదింటి నుంచి పాఠం ఎలా చెప్పాలో నోట్సు రాసుకోవడం, మధ్యాహ్నం గోడ దాటి వెళ్లి ఆ పిల్లల మీద ప్రయోగం చేయడం, ఇదీ మా దినచర్య. నా తకిలీ మీద నూలు జానెడు సాగేసరికి పుటుక్కున తెగేది. తెగినప్పుడల్లా దాన్ని విసిరికొట్టేదాన్ని. అందుకు నాకు వేసిన శిక్ష కూడా నూలు వడకడమే.

మొదటిసారి ఆ మూడో తరగతిలో అడుగుపెట్టిన రోజు, చార్టు గోడకు తగిలించి, గొంతు సవరించుకుని, పిల్లల వైపు తిరిగాను. ముందు వరసలో మఠం వేసుకుని కూర్చున్న ఒక పిల్ల చెయ్యెత్తింది. తొమ్మిదేళ్లుంటాయి. రెండు జడలూ పైకి మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టుకుంది. ఆ క్లాసుకు లీడరు.

"టీచర్, చార్టు ఉల్టా పెట్టిన్రు."

తిప్పి పెట్టాను.

"ఇప్పుడు మీరు మమ్ముల ప్రశ్నలు అడగాలె. మొన్నటి టీచర్ గట్లనే అడిగింది. పాఠం పేరు జర ఆగి చెప్పాలె."

నాకు ఒళ్లు మండిపోయింది. "టీచర్‌వు నువ్వా, నేనా?" అన్నాను.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "మీరింక కాలేదు గద టీచర్," అంది.

ఉన్న మాటే అన్నది. పైగా నేను టీచర్ని అవుతానా అవనా అన్నదే అప్పుడు మా ఇంట్లో నడుస్తున్న గొడవ. మాది మట్టెవాడలో కిరాణా దుకాణం, ముందు దుకాణం, వెనక ఇల్లు. షావుకారి బిడ్డ నౌకరీ చేయడమేమిటని మా చిన్నాయనలు మొదలుకొని ఉప్పు కొనడానికొచ్చిన వాళ్ల దాకా అందరూ బాపుకు సలహాలు చెప్పిపోయేవాళ్లు. సలహాకు ధర లేదు కదా, ఎంతైనా పోస్తారు. బాపు చెడ్డవాడు కాదు. నలుగురి మాటకూ నా ఏడుపుకూ మధ్య నలిగి నలిగి ఒకరోజు తేల్చి చెప్పాడు.

"సదువుకో బిడ్డా, నేను వద్దంటలేను. గని పరీక్ష ఒక్కసారే. పాసైతె నౌకరి చేసుకో, ఎవడేమన్నా నేను జవాబు చెప్త. తప్పినవంటె మాత్రం మల్ల రాస్త గిల్ల రాస్త అనొద్దు. ఇగ ఇంట్ల కూసునుడే."

"తప్పను," అన్నాను. నాకు పౌరుషం ముందొస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది.

ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో నేను చూడంది కాదు. మా పెద్దక్క కూర్చుంది. పొద్దంతా వెనకింట్లో పప్పులో రాళ్లేరుతూ, దుకాణంలో ఎవరేం మాట్లాడుకుంటున్నారో తలుపు సందులోంచి వింటూ ఉండేది. ఆమెకు అదే లోకం. నాకు ఆ తలుపంటే భయం. నిజంగా భయం. రాత్రుళ్లు కలలోకి కూడా వచ్చేది.

రాతపరీక్షల గురించి బెంగలేదు. భయమంతా ఆఖరి పాఠం గురించే. ఆ రోజు బయటినుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి వెనక కుర్చీలో కూర్చుని, మనం నలభై నిమిషాలు పిల్లలకు పాఠం చెప్తుంటే చూస్తారు. అది పోతే మిగతావన్నీ పాసైనా ఫెయిలే.

మాకు బోధన నేర్పే టీచరమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చింది. ఆవిడ సూత్రం ఒక్కటే. "పాఠం పేరు మీరు చెప్పకూడదమ్మా. ప్రశ్న మీద ప్రశ్న వేసి పిల్లల నోటినుంచే రాబట్టాలి. దాన్నే ఉన్ముఖీకరణ అంటారు." ఆ మాట తడబడకుండా పలకడానికే మాకు వారం పట్టింది. నా పాఠం ఊరి నీళ్ల గురించి. నల్లాల్లో వచ్చే నీళ్లు ధర్మసాగర్ చెరువు నుంచి వస్తాయని చెప్పాలి. కాదు, చెప్పకూడదు, రాబట్టాలి. పొద్దున లేచి ఏం చేస్తారు? ముఖం కడుక్కుంటాం. దేనితో? నీళ్లతో. నీళ్లెక్కడివి? నల్లావి. నల్లాలోకి ఎక్కడినుంచి? అక్కడ పిల్లలు తెల్లముఖం వేయాలి, నేను చార్టు విప్పి చెరువు బొమ్మ చూపించాలి. "నల్లా ఏమిటమ్మా, కుళాయి అనండి," అని టీచరమ్మ ఎర్రసిరాతో దిద్దింది. కుళాయంటే ఏమిటో పిల్లలకు ముందు అదొక పాఠం చెప్పాల్సి వచ్చింది.

ఆ చార్టు నేను గీసింది కాదు. చదువు ముగించి పోయేవాళ్లు తమ చార్టులు కింది క్లాసువాళ్లకు ఇచ్చి పోవడం మా దగ్గర ఆచారం, పొట్టివైన లంగాలు చెల్లెళ్లకు ఇచ్చినట్టు. ఏ చార్టు దొరికితే అదే మన పాఠం. ఆ సంవత్సరం ధర్మసాగర్ చార్టులు నలుగురికి దొరికాయి. నా వంతు వచ్చేసరికి ఆ పిల్లలు అదే పాఠం ముగ్గురి దగ్గర విని ఉన్నారు. ఇక తెల్లముఖాలు ఎక్కడినుంచి తెస్తారు?

అది అర్థం చేసుకునే తెలివి ఉంటే నేను పాఠమన్నా మార్చుకునేదాన్ని, పిల్లల్నన్నా వాళ్ల మానాన వదిలేసేదాన్ని. నేనేం చేశానంటే, పరీక్షకు వారం ముందు నుంచీ మధ్యాహ్నం అన్నం బెల్లులో గోడ దాటి వెళ్లి, ఆ పాఠమే మళ్లీ చెప్పాను. అయిదు రోజులు వరసగా. జవాబు సరిగ్గా చెప్పినవాళ్లకు గుప్పెడు పుట్నాలు, ఒక బెల్లం ముక్క. పొద్దున బాపు పూజలో ఉండగా దుకాణంలో డబ్బా మూత తీసి కొంగున కట్టుకుని తెచ్చేదాన్ని. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టే.

నాకొక స్నేహితురాలు ఉండేది. సుబేదారిలో ఉండే ముస్లిం ఇంటి పిల్ల, మాలాగే తెలుగు మాట్లాడేది, కాకపోతే మాలాగా అరిచేది కాదు. నా కొంగు ముడి చూసి నెత్తి కొట్టుకుంది.

"గిట్ల తినవెట్టి చెప్పిస్తె అది పాఠమెట్లయితదే? పావురాలకు గింజలేసినట్టున్నది."

"నీకేం తల్లీ, మీ అబ్బా ఎన్నిసార్లన్న రాయనిస్తడు. నేను తప్పితె ఇంట్ల కూసోవాలె," అన్నాను గట్టిగా.

ఆ మాట ఎక్కడన్నాను? పిల్లల మధ్యలో నిలబడి. లీడరు విననే విన్నది. "ఏంది టీచర్, మిమ్ముల బడికి రానియ్యరా?" అని అడిగింది.

నేనేమన్నా దాచానా? "మీరు మంచిగ జవాబులు చెప్తేనే నేను టీచర్నయిత. లేకుంటె మా బాపు ఇంట్ల కూసోబెడ్తడు," అన్నాను. పిల్లలంతా నా వైపు జాలిగా చూశారు. అదెంత సిగ్గుమాలిన పనో నాకు తోచనేలేదు. పైగా భలే ఎత్తు వేశానని మురిసిపోయాను.

వెనక వరసలో గోడకానుకుని ఇంకో పిల్ల కూర్చునేది. అందరితో కలిసి పెదాలు కదిపేది గానీ తనంతట తాను ఒక్క జవాబు చెప్పేది కాదు. అందుకని ఆ పిల్లకు పుట్నాలు పడలేదు. ఆమె గురించి నాకు అంతకుమించి తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు కూడా.

పరీక్ష రోజు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ సాబ్ పెద్దాయన. నల్ల షేర్వాణీ, జేబులో గొలుసు గడియారం. ఉర్దూ బడుల్లో నౌకరీ మొదలుపెట్టి, కాలం మారాక తెలుగు చదవడం రాయడం నేర్చుకున్నారట. వెనక కుర్చీలో కూర్చుని గడియారం తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. పక్కన మా టీచరమ్మ. చార్టు అందించడానికి గోడ దగ్గర నా స్నేహితురాలు.

"పిల్లలూ, పొద్దున లేవగానే మీరు ఏం చేస్తారు?" అన్నాను. అంత తీయగా నేను జన్మలో మాట్లాడలేదు.

"ధర్మసాగర్!" అని క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

"అది కాదమ్మా, లేవగానే..."

"ముఖం కడుగుతం, నీళ్లతోటి, నీళ్లు కుళాయిలకెల్లి, కుళాయికి పైపులకెల్లి, పైపులకు ధర్మసాగర్ చెరువులకెల్లి," అని లీడరు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. అప్పజెప్పి, భయపడకు అన్నట్టు నాకు కన్నుగీటింది.

ఆ తర్వాత వాళ్లను ఆపడం నా తరం కాలేదు. నేను నోరు తెరిచేలోపు జవాబు వచ్చేది. సుద్దముక్క ఎత్తితే నల్లబల్ల మీద ఏం రాయాలో చెప్పారు. చార్టు ఇంకా చుట్ట విప్పకముందే అందులో ఎడమపక్క కట్ట, కుడిపక్క పైపు ఉంటాయని చెప్పారు. ఆఖరున నేను రాబట్టాల్సిన నీతి కూడా, నీళ్లు దుబారా చేయొద్దని, ఎవరూ అడక్కుండానే చెప్పేసి చేతులు కట్టుకుని కూర్చున్నారు. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. నాకు ఎంత సాయం చేశామో అని వాళ్ల సంబరం.

ఇన్‌స్పెక్టర్ సాబ్ గడియారం చూశారు. "ఏడు నిమిషాలు," అన్నారు.

గడియారం ఆగిపోలేదు కదా అని చెవికి ఆనించి చూసుకున్నారు.

"నలభై నిమిషాల పాఠం ఏడు నిమిషాలల్ల ఖతం. నా నౌకరిల గిట్ల ఎన్నడు చూడలే. ఇంక ముప్పై మూడు నిమిషాలున్నయి బేటీ. ఫికర్ చెయ్యకు. చెప్పు."

ఏం చెప్పను, నా శ్రాద్ధమా? రాసుకొచ్చిందంతా అయిపోయింది. టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నా స్నేహితురాలు చార్టు చాటున ముఖం దాచుకుంది. నాకు మట్టెవాడ ఇల్లూ ఆ తలుపూ కళ్లముందు కనిపించాయి. ఏడుపు వచ్చేలా ఉంది, దానికంటే ముందు కోపం వచ్చేలా ఉంది. గాడిదల్లారా అనబోయి, పళ్ల బిగువున ఆపుకున్నాను.

అప్పుడు వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. ఆ గోడకానుకున్న పిల్ల.

"టీచర్, పరీక్ష అయిపోయింది గద. ఇగ నిజం చెప్పొచ్చా?"

"ఏం నిజం?" అన్నాను.

"మా ఇంటికి ధర్మసాగర్ నీళ్లు రావు టీచర్. మా గల్లీల నల్లానే లేదు. మా అమ్మ బాయిలకెల్లి చేదుతది. ఎండకాలం నీళ్లు అడుగంటితె నేను గూడ పోత."

లీడరు గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఏయ్, గట్ల చెప్పొద్దే! టీచర్, దీనికి పుట్నాలు ఇయ్యకుండ్రి."

"పుట్నాలా?" అన్నారు ఇన్‌స్పెక్టర్ సాబ్. "ఏం పుట్నాలు?"

అడిగిందే పాపం, ముప్పై నోళ్లు ఒక్కసారి తెరుచుకున్నాయి. ఎన్ని రోజులు పెట్టానో, ఎవరికెంత పెట్టానో, బెల్లం మొదటి రోజు పెద్ద ముక్క, తర్వాత చిన్న ముక్క అయిందని కూడా చెప్పారు. ఇదంతా వాళ్లకు నేను నేర్పలేదు. ఇంత చక్కగా, ఇంత వరసగా వాళ్లు నా పాఠం ఏ రోజూ చెప్పలేదు.

నిండా మునిగినవాడికి చలేమిటి? ఇక పోయేదేముంది అనిపించింది. చార్టు చుట్టేయమని నా స్నేహితురాలికి చెప్పి, వెనక వరస దాకా నడిచి వెళ్లి ఆ పిల్ల ముందు కూర్చున్నాను.

"మరి ఇన్ని దినాలు ధర్మసాగర్ అని ఎందుకన్నవ్?"

"అనకపోతె మీరు ఫెయిలైతరని. మిమ్ముల ఇంట్ల కూసోబెడ్తరు గద టీచర్. ముందుగాల వచ్చిన టీచర్లకు గూడ గదే చెప్పిన."

ఆ పిల్ల తలకు నూనె రాసి నున్నగా దువ్వారు. అయిదు రోజులు అదే పిల్ల ఎదురుగా నిలబడి, నీ ఇంట్లో నీళ్లెక్కడివే అని నేనొక్కసారి అడగలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

లేచి నిలబడ్డాను. "ఎవరింట్ల నల్లా ఉన్నది? చెయ్యెత్తుండ్రి. ఉన్నది చెప్పాలె, పుట్నాలు లేవు గిట్నాలు లేవు."

లేచిన చేతులు నా ఒక్క చేతి వేళ్లకు సరిపోయాయి. లీడరు ఇంట్లో కూడా నల్లా లేదు! వీధి నల్లా దగ్గర వాళ్ల నాయనమ్మ బిందె వరసలో పెట్టి ఎలా కొట్లాడుతుందో నడుం మీద చెయ్యి పెట్టి చేసి చూపించింది. "నా బిందె ఎన్కకు జరిపినోళ్ల చేతులిరగ!" అని ఆ పిల్ల అరుస్తుంటే ఇన్‌స్పెక్టర్ సాబ్ జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ధర్మసాగర్ ఎవరన్న చూసిన్రా?" అని అడిగాను.

ఎవరూ చూడలేదు. "మీరు చూసిన్రా టీచర్?" అంది లీడరు.

"లేదు. మా ఇంట్ల గూడ బాయే," అన్నాను.

క్లాసు గొల్లుమంది. అంతమందీ కలిసి చూడని చెరువును అన్ని రోజులు అప్పజెప్పుకున్నాం మరి. ఆ పైన నల్లబల్ల మీద బావి గీశాను, గిరక గీశాను, చాంతాడు గీశాను. వెనక వరస పిల్లను పిలిచి సుద్దముక్క చేతికిచ్చాను. "బొక్కెన నిలువుగ దించితె బురద లేస్తది టీచర్. జర పక్కకు వంచాలె," అని బొమ్మలో గీసి చూపించింది. ఆ సంగతి నాకూ తెలియదు. మా ఇంట్లో నీళ్లు చేదేది మా అక్క. నీళ్లు తక్కువైతే ముందు ఎవరికి ఆపుతారని ఒకరు, చెరువు నీళ్లు పైపులో గుట్ట ఎలా ఎక్కుతాయని ఇంకొకరు అడిగారు. గుట్ట సంగతి నాకు తెలియదని చెప్పేశాను. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

"ఒక్కసారి కూడా కుళాయి అనలేదేమమ్మా," అంది టీచరమ్మ బయటికొస్తూ. అంతే అంది.

ఇన్‌స్పెక్టర్ సాబ్ వరండాలో ఆగి నన్ను పిలిచారు. "ఇయ్యాల రెండు పాఠాలు చూసిన బేటీ. ఒకటి ఏడు నిమిషాలది, ఒకటి ముప్పై మూడు నిమిషాలది. దేనికి మార్కులెయ్యాలె?"

రెండోదానికి అని ఉంటే సరిపోయేది. నా స్నేహితురాలు ఆయన వెనక నిలబడి రెండు వేళ్లు చూపిస్తూనే ఉంది. కానీ నా నోరు ఎప్పుడు నా మాట విన్నది గనుక?

"రెండూ నేనే చెప్పిన సార్. పుట్నాలు గూడ నేనే ఇచ్చిన," అన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. కాగితం మీద ఏదో రాసి, మడిచి, షేర్వాణీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

రిజల్టు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. అమ్మ ముందు కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను, పుట్నాల దొంగతనంతో సహా. బాపుకు మాత్రం చెప్పే ధైర్యం లేకపోయింది. రోజూ పొద్దున ఆయన ఎదురైతే పక్కకు తప్పుకునేదాన్ని. కాగితం వచ్చిన రోజు చూస్తే, ఆఖరి పాఠంలో సరిగ్గా పాసు మార్కులు. ఒక్కటి ఎక్కువ లేదు.

"పాసేనా?" అన్నాడు బాపు.

"పాసే."

బాపు లేచి దుకాణం ముందుకు వెళ్లి, ఆ రోజు వచ్చినవాళ్లందరి చేతిలో తలా ఇంత చక్కెర పోశాడు. మా చిన్నాయన వస్తే రెండు చేతులూ పట్టమని మరీ పోశాడు. "నా బిడ్డ పంతులమ్మ అయింది. తిను, తిని మాట్లాడు," అన్నాడు. నేను వెనకింట్లో అక్క మెడ పట్టుకుని బావురుమన్నాను.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని గోడ దాటి మూడో తరగతికి వెళ్లాను. పిల్లలు నేల చరిచి గోల చేశారు. "మేమే పాస్ చేసినం," అని లీడరు పక్క క్లాసుకు పోయి చెప్పొచ్చింది. నేను తిరిగి వస్తుంటే ఆ వెనక వరస పిల్ల గోడ దాకా నా వెంట వచ్చింది.

"టీచర్, వచ్చే ఏడు మల్ల కొత్త టీచర్లు వస్తరు గద. వాళ్లకేం చెప్పాలె? ఉన్నది చెప్పాల్నా, పాసయ్యేది చెప్పాల్నా?"

"ఉన్నదే చెప్పు," అన్నాను.

"అప్పుడు ఆ టీచర్ ఫెయిలైతె?"

"ఫెయిలైతే మల్ల రాస్తది."

సరేనని తలూపి వెనక్కి ఉరికింది. చేతిలో పాసైన కాగితం ఉంది కనుక నా నోట ఆ మాట అంత సులువుగా వచ్చింది. పరీక్షకు ముందు రోజు ఆ పిల్ల ఇదే అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. ఆ పిల్లకూ తెలుసు. అందుకే అప్పుడు అడగలేదు.